పూర్ణ పేరుతోని మమ్మల్ని పొడిచేటోళ్ళకు

పోస్టు కొంచెం పొడుగే, ఓపికతోని చదవండి.

అమీర్‌పేట కోచింగ్ క్లాసులల్ల ఒక అలవాటుంది. టెస్టుల మార్కులు తగ్గితే చాలు, "13 ఏళ్ళ గిరిజన పిల్ల ఎవరెస్ట్ ఎక్కింది, నీకేం రోగం?" అంటరు. మాలావత్ పూర్ణ మన బిడ్డ. 2014 మే 25న, 13 ఏళ్ళ 11 నెలల వయసుల ఎక్కింది. గర్వం మనకు లేదా? మస్తుగుంది. కానీ ఆ మాట అనేటోళ్ళు సగం కథే చెప్తున్నరు.

పాకాల నుంచి ఒక్కతే నడుసుకుంట పోయి ఎక్కలేదు పూర్ణ. వెనక తాడ్వాయి గురుకులం ఉంది. భువనగిరి గుట్ట మీద నేర్పినోళ్ళున్నరు, డార్జిలింగ్, లడఖ్ ట్రైనింగులున్నయ్, సర్కారు పైసలున్నయ్. ఖమ్మం జిల్లా దళిత పిలగాడు సాధనపల్లి ఆనంద్ కూడ అదే రోజు ఎక్కిండు. (ఆయన పేరు ఏ క్లాసులా తియ్యరు, అది వేరే ముచ్చట.) దారి చూపెడితే ఎక్కిన్రు.

దారి మూస్తే ఏమైతది? అమెరికాల జోష్ గిబ్సన్ అనే బేస్‌బాల్ ఆటగాడుండె. నల్లజాతి అని మేజర్ లీగ్‌ల అడుగు పెట్టనియ్యలే. అమెరికాల ఉన్నన్నాళ్ళు నల్లవాళ్ళ లీగులల్లనే ఆడిండు. 1947 జనవరిల 35 ఏళ్ళకే చనిపోయిండు. మూడు నెలలు నిండకముందే, ఏప్రిల్ 15న, జాకీ రాబిన్సన్‌కు ఆ తలుపు తీసిన్రు. 2024ల ఆ లీగుల లెక్కలు కూడ అసలు రికార్డులల్ల కలిపితే బ్యాటింగ్ సగటుల అందరికన్నా పైన గిబ్సనే తేలిండు, .372. అన్నేండ్లు మొదట ఉన్న టై కాబ్‌ది .367. మనిషి పోయిన 77 ఏండ్లకు! ఆయనకు టాలెంట్ తక్కువైందా, కష్టం తక్కువైందా? రాబిన్సన్ ఫొటో చూపెట్టి "కష్టపడితే ఎవరైనా" అనేటోళ్ళను గిబ్సన్ సంగతి అడగండి.

ఇగ మన పంజాగుట్ట. పోయిన నెల మా ఊరి తమ్మునికి రూమ్ కోసం టు-లెట్ బోర్డు చూసి పోయినం. అడ్వాన్స్ దాకా వచ్చినంక "మీరేమోళ్ళు బాబూ?" అన్నరు. చెప్పినం. "వేరేటోళ్ళకు మాటిచ్చినం" అన్నరు. బోర్డు మాత్రం ఇంకో వారం అట్లనే వేలాడింది. ఎవరెస్ట్‌కు ట్రైనింగ్ ఉంది సార్, ఈ రెండో అంతస్తు మెట్లకు ఏ ట్రైనింగ్ ఉంది?

మొన్న క్లాసుల మళ్ళీ పూర్ణ పేరు తీస్తే లేచి నిలబడి అడిగిన: "సార్, మా హాస్టల్ల గ్రౌండ్ ఏది, పీఈటీ సారు ఏడి?" కాసేపు ఫ్యాన్ సప్పుడే. తర్వాత "సిలబస్‌లోకి వద్దాం" అన్నరు.