రిజర్వేషన్ కంప్యూటర్‌ని నేరుగా యంత్రం మీదే నడపాలి

శ్రీముఖలింగం, జలుమూరు చుట్టుపక్కల ఊళ్ల నుంచి బతుకుతెరువుకు హైదరాబాదో బెంగళూరో వెళ్లేవాళ్లకు ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్డు స్టేషనే దిక్కు. విశాఖ ఎక్స్‌ప్రెస్‌లోనో ప్రశాంతిలోనో బెర్తు దొరకడం కౌంటర్ గుమస్తా చేతిలో లేదు. దాన్ని తేల్చేది కాన్సర్ట్ అనే సాఫ్ట్‌వేర్. 1994లో మొట్టమొదట సికింద్రాబాద్‌లో మొదలైన ఈ సాఫ్ట్‌వేర్‌ను ఓపెన్ వీఎంఎస్ అనే పాతతరం పెద్ద ఆపరేటింగ్ సిస్టమ్ నడిపిస్తోంది. 2010లో పెట్టిన ఇప్పటి ఏర్పాటు ఇటానియం చిప్పుల సర్వర్ల మీద ఉందని రైల్వే శాఖ 2025లో పార్లమెంటుకు చెప్పింది. ఇంటెల్ ఆ చిప్పుల సరఫరాను 2021 జూలైలోనే ఆపేసింది. కాబట్టి యంత్రాలు మార్చక తప్పదు. నిమిషానికి 25 వేల టికెట్ల సామర్థ్యాన్ని లక్షకు పెంచుతామంటున్నారు; సంతోషమే. అయితే మార్చే పద్ధతి గురించి మనం ఇప్పుడే నోరు విప్పాలి.

కాన్సర్ట్‌ను ఓపెన్ వీఎంఎస్ మీదే కొనసాగిస్తే దారి ఇది: దాన్ని మామూలు ఇంటెల్ తరహా సర్వర్లకు తెచ్చిన 9.2 వెర్షన్ 2022లో వచ్చింది. దాన్ని వర్చువల్ మెషీన్ లోపల నడపడానికే సిద్ధం చేశారు. అంటే యంత్రానికీ ఆపరేటింగ్ సిస్టమ్‌కీ మధ్య హైపర్‌వైజర్ అనే ఇంకో పొర ఉంటుంది. మామూలు ఆఫీసు పనికి ఆ పొర బరువే కాదు. తత్కాల్ వేళ సంగతి వేరు. ఉదయం పదకొండుకు స్లీపర్ తత్కాల్ తెరుచుకోగానే ఒకే రైలు, ఒకే తేదీ రికార్డు మీద వేలమంది పడతారు. ఒకరికి బెర్తు రాసేదాకా కంప్యూటర్ ఆ రికార్డుకు తాళం వేస్తుంది, డిస్కు మీద రాశాక తీస్తుంది. తాళం పట్టుకున్న సరిగ్గా ఆ క్షణంలో హైపర్‌వైజర్ ప్రాసెసర్‌ను ఇంకో పనికి మళ్లిస్తే, వెనకున్న వాళ్లంతా ఏ కారణమూ లేకుండా ఆగిపోతారు. డిస్కు రాత కూడా రెండు చేతులు మారి వెళ్తుంది. విడిగా చూస్తే ఈ ఆలస్యం మిల్లీసెకన్లే. కానీ ఒకే తాళం కోసం వేలమంది వరసలో ఉన్నప్పుడు అది ఒకరి మీద ఒకరికి పేరుకుంటూ పోతుంది. ఆ పేరుకున్నదే మనకు తెర మీద ఎంతసేపటికీ ముందుకు కదలని పేజీగా కనబడుతుంది.

డబ్బు సంగతి కూడా చూడాలి. 2023 నవంబరులో హైపర్‌వైజర్లు అమ్మే వీఎంవేర్ కంపెనీని బ్రాడ్‌కామ్ కొన్నది. నెల తిరక్కుండానే శాశ్వత లైసెన్సుల అమ్మకం ఆపి, చందా పద్ధతి ఒక్కటే ఉంచింది. ఎన్నో సంస్థలకు ఖర్చు అమాంతం పెరిగింది. అవసరం లేని పొరను మధ్యలో పెట్టుకుంటే దాని యజమాని అడిగినంతా ఇచ్చుకోవాలి.

యంత్రం చెడిపోతే వర్చువల్ మెషీన్‌ను క్షణాల్లో పక్క సర్వర్‌కి మార్చవచ్చు కదా అని ఇంజినీర్లు అంటారు. నిజమే. కానీ వీఎంఎస్‌కి ఆ విద్య తొలినాళ్లలోనే అబ్బింది: 1984 నుంచే అనేక యంత్రాలను ఒక క్లస్టర్‌గా కట్టి, ఒకటి ఆగినా మిగతావాటితో పని సాగించే ఏర్పాటు అందులో ఉంది. ఐబీఎం మెయిన్‌ఫ్రేములు కూడా ముక్కలుగా విభజించే నడుపుతారు గదా అన్నది మరో ప్రశ్న. అక్కడ ఆ విభజన యంత్రం తయారుచేసినవాళ్లే దానిలో కలిపి ఇచ్చింది, బయటి నుంచి కొనితెచ్చి పెట్టింది కాదు. అన్నిటికన్నా గట్టి అభ్యంతరం డ్రైవర్లది, అంటే యంత్ర భాగాలను ఆపరేటింగ్ సిస్టమ్‌తో కలిపే చిన్న ప్రోగ్రాములది. మధ్యలో హైపర్‌వైజర్ లేకపోతే ప్రతి కొత్త డిస్కు కంట్రోలర్‌కీ, నెట్‌వర్క్ కార్డుకీ విడిగా డ్రైవర్ రాయాలి, అది ఏళ్ల పని. దేశంలోని రిజర్వేషన్ కేంద్రాలన్నిటికీ ఒకే మోడల్ సర్వర్ కొని, దానికి డ్రైవర్లు రాసివ్వాలన్నది కొనుగోలు ఒప్పందంలోనే షరతుగా పెడితే ఆ పని చాలావరకు తగ్గిపోతుంది.

రైళ్ల వేళలు, పీఎన్ఆర్ వాకబు వంటివాటిని క్లౌడ్‌లో పెట్టుకోనివ్వండి, వాటితో మాకు పేచీ లేదు. బెర్తు కేటాయించే గుండెకాయ లాంటి భాగాన్ని మాత్రం నేరుగా యంత్రం మీదే నడపాలి. ముందుగా రెండు పద్ధతులనూ ఒక సంక్రాంతి రద్దీలో పక్కపక్కన నడిపి, కొలతలు బయటపెట్టాలి. వర్చువల్ పద్ధతే మెరుగని ఆ అంకెల్లో తేలితే ఈ డిమాండ్ మేమే వెనక్కి తీసుకుంటాం. రైల్వే మంత్రికీ మన ఎంపీకీ పంపే వినతిపత్రం మీద సంతకం చేయండి.