పాట మనది, పత్రం పరాయిది

మహానందిలో శివరాత్రి అంటే తెల్లవారేదాకా మైకు ఆగని రాత్రి. చెక్కభజనలు, కోలాటాలు, బ్రహ్మంగారి తత్వాలు, హరిశ్చంద్ర పద్యాలు ఒకదాని వెంట ఒకటి సాగుతుంటాయి. జాగరణకు వచ్చినవాళ్లలో చాలామంది చేతుల్లో సెల్‌ఫోన్లు ఉంటాయి. రాత్రి కోనేటి పక్కన పాడిన పాట పొద్దునకల్లా యూట్యూబ్‌లో ఉంటుంది. నంద్యాలలో, కర్నూలులో, ప్రొద్దుటూరులో చిన్న గదిలో ఓ కంప్యూటర్, ఓ కీబోర్డు, ఓ మైకు పెట్టుకుని పల్లెపాటకు బీటు కట్టే కుర్రాళ్లు తయారయ్యారు. మద్రాసుకో హైదరాబాదుకో పోనిదే పాట రికార్డు కాని రోజులు పోయాయి. ఇందులో సంతోషించాల్సింది చాలా ఉంది.

కంగారు పడాల్సిందీ ఉంది. పాట రాసేది ఒకరు, బాణీ కట్టేది ఒకరు, పాడేది ఒకరు, హక్కుదారుగా నమోదయ్యేది మాత్రం ఇంకెవరో. ఈ తీరు ఇలాగే సాగితే రాయలసీమ పాట మీద వచ్చే రాబడే కాదు, ఆ పాటను మన జాతరలో మనం పాడి నలుగురికీ చూపించుకునే స్వేచ్ఛ కూడా చేజారుతుంది. కొంత చేజారింది కూడా.

ముందు ఒక అపోహ తొలగాలి. ఒక పాటలో చట్టం మూడు వేర్వేరు ఆస్తులను చూస్తుంది: సాహిత్యం, బాణీ, రికార్డు. సాహిత్యం రాసినవాడిది, బాణీ కట్టినవాడిది. రికార్డు మాత్రం దాన్ని పూనుకుని చేయించిన నిర్మాతది. గాయకుడికి వీటితో సంబంధం లేకుండా ప్రదర్శకుడి హక్కు విడిగా ఉంది. మన స్టూడియో కుర్రాళ్లు చిక్కుకునేది సరిగ్గా ఇక్కడే. బీటు కట్టి, తంబుర, డప్పు, కీబోర్డు కలిపి పాటకు ఒక రూపం ఇచ్చిన వ్యక్తి స్వరకర్తా, కూలికి పనిచేసిన సాంకేతిక నిపుణుడా? రికార్డింగు ఖర్చు పెట్టుకుంటే అతనే నిర్మాత కూడానా? పని మొదలుకాక ముందే కాగితం మీద తేల్చుకోకపోతే, పాట పేలిన తర్వాత ఈ ప్రశ్నకు జవాబు చెప్పేది డబ్బున్నవాడి వకీలే.

రెండో అపోహ ఇంకా పెద్దది. ‘కాపీరైట్ చేయించాం’ అని చాలామంది ధీమాగా ఉంటారు. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం పాట పుట్టినప్పుడే హక్కు పుడుతుంది, నమోదు తప్పనిసరి కాదు. ఢిల్లీలోని కాపీరైట్ కార్యాలయంలో సాహిత్యానికో బాణీకో 500 రూపాయలు, రికార్డుకు 2,000 రూపాయలు కట్టి నమోదు చేయిస్తే, అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగి ధ్రువపత్రం ఇస్తారు. తగాదా వస్తే కోర్టులో అది తొలి సాక్ష్యంగా పనికొస్తుంది. అంతేకాని ఆ పత్రం వల్ల ఒక్క రూపాయి రాయల్టీ కూడా ఇంటికి రాదు. ఎఫ్ఎం రేడియోలో, టీవీలో, హోటల్లో, స్ట్రీమింగ్ యాప్‌లో పాట మోగినందుకు డబ్బు వసూలు చేసి పంచేవి వేరే సంస్థలు. రచయితలకూ స్వరకర్తలకూ ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ ఉంది. 1969లో పుట్టిన ఈ ఐపీఆర్ఎస్, 2012 చట్ట సవరణ తర్వాత 2017లో మళ్లీ గుర్తింపు పొందింది. గాయకులకు ‘ఇస్రా’ పేరుతో 2013లో మరో సంఘం వచ్చింది. రికార్డుల యజమానులవి వేరే సంఘాలు.

రచయిత, స్వరకర్త ఐపీఆర్ఎస్‌లో సభ్యత్వం తీసుకోవాలి. పాన్ కార్డు, బ్యాంకు ఖాతా వివరాలు, చేసిన పాటల రుజువులు ఇవ్వాలి. ఆ తర్వాత అసలు పని మొదలవుతుంది: ప్రతి పాటనూ పేరుతో, రచయిత, స్వరకర్త, ఎవరి వాటా ఎంత అన్న లెక్కతో విడివిడిగా తెలియజేయాలి. సభ్యుడికి ప్రపంచమంతా చెల్లే ఒక గుర్తింపు సంఖ్య వస్తుంది. పాటకు ఒక సంఖ్య, రికార్డుకు ఇంకో సంఖ్య ఉంటాయి. అమెరికాలోనో దుబాయిలోనో మోగిన పాట తాలూకు డబ్బు ఈ సంఖ్యలను పట్టుకునే తిరిగొస్తుంది. పేరులో ఒక అక్షరం తేడా ఉన్నా, ఇద్దరు వేసిన వాటాల లెక్క కలవకపోయినా ఆ డబ్బు మధ్యలోనే నిలిచిపోతుంది. 2022–23లో ఐపీఆర్ఎస్ వసూళ్లు 560 కోట్ల రూపాయలు దాటాయి. నల్లమల అంచున పాట కట్టిన మనిషి ఆ లెక్కల పుస్తకంలో లేకపోతే, అతని పాట ఎన్ని లక్షల చెవుల్లో మోగినా అతనికొచ్చేది సున్నాయే.

నమోదు కాకపోవడం కన్నా ప్రమాదం, చదవకుండా సంతకం పెట్టడం. ‘టోటల్ రైట్స్’ అని మనవాళ్లు పిలిచే కాగితం అది. చేతిలో కొంత మొత్తం పెట్టి, ఇప్పుడున్న మాధ్యమాల్లోనూ ఇకముందు వచ్చే మాధ్యమాల్లోనూ, లోకమంతటా, శాశ్వతంగా హక్కులన్నీ రాయించుకుంటారు. అవసరం ముందు నిలబడినవాడికి ఆ మొత్తం పెద్దదిగానే కనిపిస్తుంది, వాళ్లను తప్పుపట్టలేం. కానీ చట్టం వాళ్ల చేతిలో పెట్టిన ఆయుధం గురించి వాళ్లకు చెప్పేవాళ్లు లేరు.

1977లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో సినిమా పాటల మీద పెత్తనం నిర్మాతల చేతికి వెళ్లింది. రచయితకూ స్వరకర్తకూ ఇచ్చిన పారితోషికంతో సంబంధం తెగిపోయినట్టే అయింది. 35 ఏళ్లు అదే నడిచింది. 2012 సవరణ దాన్ని తిరగరాసింది. హక్కులు ఎవరికి రాసిచ్చినా సరే, రాయల్టీలో సమాన వాటా పొందే హక్కును మాత్రం రచయిత, స్వరకర్త వదులుకోవడానికి వీల్లేదు. వారసులకో కాపీరైట్ సంఘానికో తప్ప ఎవరికి రాసిచ్చినా ఆ రాత చెల్లదు. సినిమా పాటలకే కాదు, విడిగా చేసిన రికార్డులకూ ఇది వర్తిస్తుంది. బదిలీ పత్రంలో ఎంతకాలమో రాయకపోతే ఐదేళ్లే లెక్క. ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకే. తీసుకున్న హక్కును ఏడాదిలోగా వాడుకోకపోతే, పత్రంలో వేరేగా రాసుంటే తప్ప, అది రద్దవుతుంది. ఇంత రక్షణ కాగితం మీద ఉండి కూడా మన కళాకారుడి దాకా రాలేదంటే లోపం చట్టంలో లేదు.

కృష్ణకు అవతలి ఒడ్డున, అదే నల్లమల నీడలో, నాగర్‌కర్నూలు జిల్లా కిన్నెర కళాకారుడు దర్శనం మొగులయ్య సంగతి అందరికీ తెలిసిందే. 2021లో ‘భీమ్లా నాయక్’ పాట మొదట్లో ఆయన గొంతు విని రాష్ట్రాలు రెండూ ఊగాయి. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024 మే నెలలో ఆయన హైదరాబాదు శివారులో కట్టడం పనికి కూలీగా పోతున్నారన్న వార్త వచ్చింది. ఆయనకు ఎవరు ఎంత ఇచ్చారు, ఎంత ఇవ్వాలి అన్న తగవులోకి మేం పోవడం లేదు. మేం చెప్పేది వేరు. బహుమానం ఒకసారి వస్తుంది, సన్మానం ఒకసారి జరుగుతుంది. పాట మాత్రం ఏళ్లతరబడి మోగుతుంది. ఆ మోతకు తగ్గ రాబడి నెలనెలా కళాకారుడి ఖాతాకు చేరే ఏర్పాటును మనం పట్టించుకోలేదు. శాలువాలు కప్పడంలో మాత్రం మనల్ని మించినవాళ్లు లేరు.

ఇక అసలు గొడవ జానపదంతో. ఎవరు కట్టారో తెలియని, తరతరాలుగా నోటినోటా వచ్చిన పాట అందరిదీ. మన దేశంలో ఇలాంటి సంప్రదాయ కళలకు విడిగా రక్షణ చట్టం లేదు. ఆ పాటకు కొత్తగా చేర్చిన చరణాలకో, వాయిద్య సంగతులకో మాత్రమే చేసినవాడు హక్కు అడగగలడు. మూలాన్ని ఎవరూ సొంతం చేసుకోలేరు. కానీ జరుగుతున్నదేమిటి? 2021లో ‘లవ్ స్టోరీ’ సినిమాకు ‘సారంగ దరియా’ పాట వచ్చింది. పాడింది మన అనంతపురం జిల్లా తండాలో పుట్టిన మంగ్లీ. ఆ పాటను తాను సేకరించి పాడానని జానపద గాయని కోమలి ముందుకొచ్చారు. వివాదం రేగాక దర్శకుడు ఆమెకు పేరూ పారితోషికమూ ఇస్తామన్నారు. అది పెద్ద సినిమా కాబట్టి, టీవీల్లో చర్చ జరిగింది కాబట్టి అక్కడిదాకా వచ్చింది. ఊళ్లో అవ్వ దగ్గర విని, దానికి డీజే బీటు తగిలించి, రచన, సంగీతం రెండూ తనవేనని నమోదు చేసుకునే చిన్న లేబుళ్లను అడిగేదెవరు?

నమోదు అక్కడితో ఆగదు. ఆ రికార్డు యూట్యూబ్‌లోని స్వయంచాలక తనిఖీ వ్యవస్థ జాబితాలోకి చేరుతుంది. ఆ యంత్రానికి అవ్వ తెలియదు, ఊరు తెలియదు. తన దగ్గర ముందు చేరిన శబ్దంతో పోల్చి, పోలిక కనిపిస్తే మిగతావాళ్ల వీడియోల మీద క్లెయిమ్ వేస్తుంది. అప్పుడు ప్రకటనల డబ్బు నమోదు చేసుకున్నవాడికి పోతుంది. పూర్తిగా తమది కాని సరుకును ఆ జాబితాలో పెట్టకూడదని యూట్యూబ్ నిబంధనే ఉంది. పెట్టేవాళ్లు పెడుతూనే ఉన్నారు. అభ్యంతరం చెబితే అవతలివాడికి 30 రోజుల గడువు. శివరాత్రి వీడియోకు నెల తర్వాత న్యాయం దొరికితే ఎవడికి కావాలి? భయపడి వీడియో తీసేసేవాళ్లే ఎక్కువ. పాట పుట్టిన ఊరే దొంగగా నిలబడే పరిస్థితి అంటే ఇదే.

పాతదంతా ఉచితమనుకోవడమూ పొరపాటే. కడప జిల్లా తాళ్లపాకలో పుట్టిన అన్నమయ్య సాహిత్యం మీద ఎవరికీ హక్కు లేదు. కానీ రాగిరేకుల మీద మిగిలింది రాగాల పేర్లు, స్వరాలు కాదు. ఈనాడు మనం వింటున్న బాణీలు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ వంటి వారు కట్టినవి. స్వరకర్త బతికున్నంతకాలం, పోయాక మరో 60 ఏళ్లు హక్కు ఉంటుందన్నది మామూలు లెక్క. రాళ్లపల్లి 1979లో కన్నుమూశారు, గరిమెళ్ల 2025లో. ఆరు వందలకు పైగా కీర్తనలకు గరిమెళ్ల కట్టిన బాణీలను ‘పాత కీర్తనే కదా’ అని కొత్త లేబుల్ పేరుతో అమ్ముకోవడం అపహరణే. దీనికి ఎదురు ఉదాహరణ నాటకాలది. బలిజేపల్లి లక్ష్మీకాంతం 1953లో పోయారు. ఆయన ‘సత్య హరిశ్చంద్రీయం’ పద్యాలు 2013తో అందరివీ అయ్యాయి. తిరుపతి వేంకట కవుల పాండవ నాటకాలు అంతకు ముందే అయ్యాయి. ఆ పద్యాలను మన నటుడు ఏ వేదిక మీదైనా పాడొచ్చు. పేరున్న నటుడు పాడిన రికార్డును మాత్రం తెచ్చి కలుపుకోకూడదు. ఈ తేడా తెలియక కొందరు భయపడి మానేస్తున్నారు, కొందరు భయం లేక ఎత్తేస్తున్నారు.

భయం పేరుతో జరిగే వసూళ్ల మాటా చెప్పాలి. మహానందిలో పెళ్లిళ్లు ఎక్కువ. మతపరమైన కార్యక్రమంలో, పెళ్లి ఊరేగింపులో, పెళ్లికి సంబంధించిన వేడుకల్లో పాట వేసినందుకు రాయల్టీ కట్టాల్సిన పని లేదని చట్టంలోని 52వ సెక్షనే చెబుతోంది. 2023 జూలైలో కేంద్ర ప్రభుత్వం దీన్ని మళ్లీ బహిరంగ ప్రకటనతో స్పష్టం చేసింది. లైసెన్సు లేకపోతే పెళ్లి ఆపుతామని ఎవరైనా వస్తే ఫంక్షన్ హాలు యజమానులు గుర్తింపు పత్రం అడగాలి, పోలీసులకు చెప్పాలి. అయితే స్వామి ముందు చేసే భజనకున్న ఈ మినహాయింపు దాన్ని ప్రకటనలతో ప్రత్యక్ష ప్రసారం చేసి సంపాదించుకునే చానల్‌కు ఉంటుందని అనుకోకూడదు. టికెట్టు పెట్టిన సంగీత విభావరికీ ఉండదు. 2017లో అమెరికా పర్యటనలో ఉండగా ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం అంతటివారికే, తన పాటలు అనుమతి లేకుండా పాడొద్దని ఇళయరాజా తరఫు నుంచి నోటీసు అందింది. ఆ పాటలు మాని మిగతావి పాడుకుంటూ ఆయన పర్యటన పూర్తి చేశారు.

దేవాదాయ శాఖ, జిల్లా సాంస్కృతిక విభాగం దీన్ని కళాకారుల సొంత గొడవగా చూసి తప్పుకోవడానికి లేదు. ఉత్సవాలకు బృందాలను పిలిచేది వాళ్లే, పారితోషికం ఇచ్చేదీ వాళ్లే. ఏ బృందం ఏ పాట పాడింది, అది సంప్రదాయమా, కొత్త రచనా, బాణీ ఎవరిది, రికార్డు హక్కు ఎవరిది అన్న నాలుగు వివరాలు ప్రతి కార్యక్రమానికీ రాయించి తేదీతో భద్రపరిస్తే, రేపు ఎవడో వచ్చి ఇది నా పాట అన్నప్పుడు చూపించడానికి ఒక ఆధారం ఉంటుంది. నంద్యాల ప్రత్యేక జిల్లా అయింది 2022లో. జిల్లా పాటల జాబితా ఇంకా ఎవరూ మొదలుపెట్టకపోతే ఇప్పుడైనా మొదలుపెట్టాలి. కళాశాలల తెలుగు విభాగాలు ఊళ్లు తిరిగి పాడినవాళ్ల పేరు, ఊరు, తేదీతో పాటలను సేకరించాలి. ఐపీఆర్ఎస్ కూడా హైదరాబాదుతో ఆగకుండా నంద్యాల, కడపలకు వచ్చి సభ్యత్వ శిబిరాలు పెట్టాలి.

కళాకారులకు మా విన్నపం ఒక్కటే. ఈ శివరాత్రికి పాట రికార్డు చేయించేముందు ఎవరి వాటా ఎంతో రాసి అందరూ సంతకాలు చేయండి. శాశ్వతంగా, లోకమంతటా అన్న మాటలు కనిపించిన కాగితం మీద వకీలుకు చూపించకుండా సంతకం పెట్టకండి.