గుండెయంత్రమునకు పరీక్ష యేల?

గోడగడియారము వెనుకబడినచో మనము వెంటనే గ్రహింతుము. ఱొమ్ముచర్మము క్రింద అమర్చిన పేస్‌మేకరు సంగతి యట్లు కాదు. “ఒంట్లో బాగుగనే యున్నది గదా, పరీక్ష యెందుకు?” అని యనేక గృహములలో గడువు దాటించుచున్నారు. మనిషి కులాసాగా నున్నంత మాత్రమున యంత్రము సరిగా నున్నదని చెప్పజాలము.

నాంపల్లిలోని కేర్ ఆసుపత్రి వంటి హృద్రోగ వైద్యశాలలయందు ఈ పరీక్ష జరుగును. కత్తితో పని లేదు. చర్మముపై చిన్న పరికరమును ఉంచి, కంప్యూటరుతో యంత్రమును ప్రశ్నింతురు. మొదట బ్యాటరీ బలము చూతురు. పిమ్మట గుండెలోనికి పోవు తీగ నిరోధమును ఓములలో కొలుతురు. అది మిక్కిలి పెరిగినచో తీగ తెగెనేమో యనియు, మిక్కిలి తగ్గినచో పైతొడుగు చిరిగెనేమో యనియు శంకింతురు. తరువాత విద్యుత్ప్రేరణను క్రమముగా తగ్గించుచు, గుండె యెంత స్వల్పబలమునకు స్పందించునో కనిపెట్టి, దానికి కొంత యధికముగా నిర్ణయింతురు. ఇందువలన బ్యాటరీ వృథాగా వ్యయము కాదు.

అయస్కాంతమును పైన నుంచినచో చాల పేస్‌మేకర్లు ఒకే నియతవేగమున నడచును. పెక్కింటిలో ఆ వేగము తగ్గుట బ్యాటరీ క్షీణతకు గుర్తు. వైద్యునిచేత పరీక్షాసాధనమైన ఆ యయస్కాంతమే మనచేత ప్రమాదము కాగలదు. అబిడ్సులోని జగదీశ్ మార్కెట్టున కొన్న సెల్‌ఫోనును మనలో పలువురు ఱవికలో దోపుకొందురు. పేస్‌మేకరు గలవా రట్లు చేయరాదు. ఫోనును యంత్రమునకు ఆఱంగుళముల దూరమున నుంచవలెనని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2021లో హెచ్చరించినది. నుమాయిష్ ద్వారమున లోహపరీక్షాయంత్రము నెదురైనచో కార్డు చూపి, ఆగక దాటిపోవలెను.

1958 అక్టోబరు 8న స్వీడనులో ఆర్నే లార్సను అను రోగికి మొదటి పేస్‌మేకరు నమర్చిరి. అది కొన్ని గంటలే పనిచేసెను. అయినను ఆతడు ఇరువదికి పైగా యంత్రములు మార్పించుకొని 2001 వఱకు జీవించెను. చెడినది సకాలమున తెలిసి మార్చుటయే యిందలి కీలకము.

బ్యాటరీ ముగియుటకు కొన్ని నెలల ముందే యంత్రము సూచన నిచ్చును; కాని పరీక్షించినగాని యది సామాన్యముగా బయటపడదు. కావున వైద్యుడు చెప్పిన తేదీని కాలెండరుపై వ్రాసికొనుడు. మగవారి తేదీలు జ్ఞాపక ముంచుకొని తమ తేదీని “వచ్చేనెల చూతము” అని దాటవేయు అత్తగారలకును, తల్లులకును ఈ మాట ముఖ్యముగా చదివి వినిపింప గోరుచున్నాము.