ఎడ్లకు ఎదురుపోనక్కరలేదు

సంక్రాంతికీ, తిరునాళ్లకూ మన పల్లెల్లో ఎడ్ల పందేలు జరిగేచోట ఇటీవల ఒక కొత్త బెడద కనిపిస్తున్నది. పరుగున వస్తున్న జతకు ఎదురుగా యువకులు సెల్‌ఫోన్లు పట్టుకుని బరిలోకి దూరుతున్నారు. తోలేవాడు కేకలు వేసినా, కమిటీ వారు మైకులో మొత్తుకున్నా వినిపించుకునే నాథుడు లేడు. దగ్గరికి పోతేనే ఫొటో స్పష్టంగా వస్తుందని వారి నమ్మకం. ఇది పొరపాటు.

ఫొటో చెదరడానికి కారణం దూరం కాదు. కెమెరా షట్టర్ తెరుచుకుని ఉన్నంతసేపూ ఎద్దు కదులుతూనే ఉంటుంది. ఆ కదలికంతా బొమ్మలో పడుతుంది. గంటకు 36 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తే జత సెకనుకు 10 మీటర్లు పోతుంది. షట్టర్ సెకనులో 50వ వంతు కాలం తెరిచి ఉంటే ఈలోగా జత 20 సెంటీమీటర్లు, దాదాపు జానెడు, జరిగిపోతుంది. అదే 1000వ వంతు అయితే ఒక్క సెంటీమీటరే. గిట్టలు ఒంటికంటే వేగంగా ఆడతాయి కనుక ముందు చెదిరేవి అవే. ఎదురుగా వచ్చే జతకు చెదురు తక్కువన్న మాట నిజమే. అంతమాత్రాన కొమ్ముల ముందు నిలబడాలా? వేగం పెంచుకుంటే పక్కనుంచి తీసినా గిట్టలు స్పష్టంగానే వస్తాయి.

1878లో అమెరికాలోని పాలో ఆల్టోలో మైబ్రిడ్జ్ అనే ఫొటోగ్రాఫర్ పరుగెత్తే గుర్రాన్ని తీసినప్పుడు దారి పక్కన 12 కెమెరాలు వరుసగా నిలిపాడు. అడ్డంగా కట్టిన దారాలను గుర్రం తెంపుకుంటూ పోతుంటే ఒక్కొక్క కెమెరా షట్టర్ పడింది. పరుగులో గుర్రం నాలుగు కాళ్లూ ఒకేసారి నేల విడుస్తాయని అట్లా తేలింది. ఒక్క కెమెరా కూడా గుర్రం దారిలో లేదు.

వేగం పెరిగితే కెమెరాలోకి పోయే వెలుతురు తగ్గుతుంది. మిట్టమధ్యాహ్నం ఎండలో ఈ చింత లేదు, సెల్‌ఫోను తానే వేగం ఎక్కువగా పెట్టుకుంటుంది. తంటా అంతా పొద్దువాలాకే. అప్పుడు కొందరు ఫ్లాష్ వేస్తున్నారు. కళ్లల్లో వెలుగు పడి ఎడ్లు బెదిరితే బాధ్యులెవరు?

బండలాగుడులోనైతే ఇంత వేగమూ అక్కరలేదు. బండ కదలక ఎడ్లు ముందుకు వంగి బిగబట్టే క్షణాన కదలికే ఉండదు, చూడవలసిన దృశ్యమూ అదే. మనవాళ్లు మాత్రం బహుమతి ఇచ్చేటప్పటి ఫొటోలే పత్రికలకు పంపుతారు!

పందేల కమిటీలు బరికి రెండువైపులా తాళ్లు కట్టించాలి. తాటి అవతల, ఎండ వీపున పడే వైపున, ఫొటోలు తీసేవారికి ఎత్తుగా ఒక మంచె వేయించాలి. ఖర్చనుకుంటే ఒక ట్రాక్టరు తొట్టి నిలిపినా సరిపోతుంది. అది దాటి బరిలోకి దిగినవారిని, వారు ఎవరి అబ్బాయి అయినా సరే, బయటికి పంపిన తరువాతే జతను వదలాలి.