టైమింగ్ చైన్ దగ్గర పొదుపు వద్దు

ఈ హాస్టల్లో ఉండి ఐటీఐ చదివి, మెకానిక్ షెడ్డుల్లో స్థిరపడిన మేము తమ్ముళ్లకు ఒక మాట చెప్పదలిచాం. స్ప్లెండర్ వంటి బండికి ఇంజన్ విప్పి బోరు చేయించేటప్పుడు పిస్టన్‌కూ, రింగులకూ ఖర్చుపెట్టే ఓనరు టైమింగ్ చైన్ దగ్గరకొచ్చేసరికి "పాతదే వేసెయ్" అంటాడు. అది సరికాదని మా అభిప్రాయం.

క్రాంకు 2 సార్లు తిరిగితే క్యామ్ ఒక్కసారి తిరగాలి. ఆ లెక్క తప్పకుండా చూసేది ఈ చైనే. పిన్నులు అరిగి చైన్ సాగితే వాల్వులు ఆలస్యంగా తెరుచుకుంటాయి, బండి లాగదు. పన్ను జారితే చాలా ఇంజన్లలో వాల్వులు పిస్టన్‌కు తగిలి వంగిపోతాయి.

కొత్తది కొనేటప్పుడు పాత చైన్ పక్కన పెట్టి లింకులు లెక్కపెట్టండి. వెడల్పు, రకం పోల్చండి. పార్టు నంబరు చూసి బిల్లు అడగండి. అరిగిన స్ప్రాకెట్ మీద వేస్తే కొత్త చైనూ తొందరగా పాడవుతుంది. కాబట్టి స్ప్రాకెట్లు, టెన్షనర్, గైడ్ రోలర్ కూడా పరీక్షించండి.

చైన్‌లో మిగిల్చిన డబ్బు మళ్లీ హెడ్డు, మాగ్నెట్ విప్పే కూలికి చాలదు. బండి మీద కూరగాయలమ్ముకునే మనిషికైతే ఆ రోజుల సంపాదనా పోతుంది. ఓనరుకు ఓపికగా నచ్చజెప్పడం కూడా పనితనమే.