‘యొక్క’ ఎందుకు?

ఆళ్లగడ్డ శిల్పులకు పేరు. అక్కడ చెక్కేది రాతి విగ్రహం. ‘రాయి యొక్క విగ్రహం’ అని ఎవరూ అనరు. రాయి రాతిగా, ఇల్లు ఇంటిగా, ఏరు ఏటిగా మారడంలోనే మన షష్ఠీ విభక్తి ఉన్నది. ‘ఆళ్లగడ్డ’ అయితే ఆ మార్పు కూడా లేకుండానే శిల్పులను తనవారిని చేసుకుంటుంది!

సంస్కృతంలో రామః ‘రామస్య’ అవుతాడు. హిందీలో రాముడు అలాగే ఉంటాడు, అతడి వస్తువును బట్టి కా, కీ, కే మారతాయి. చిన్నయసూరి షష్ఠిలో కి, కు లనూ చేర్చారు. ‘నాకు ఇద్దరు చెల్లెళ్లు’ అన్నప్పుడు ఆ ‘కు’ చెప్పేది సంబంధమే కదా.

ఇన్ని దారులుండగా, ఆంగ్లంలో ‘ఆఫ్’ కనబడగానే ‘యొక్క’ తగిలించే అనువాదాలు చదవాలంటే నాకు విసుగు. ‘నంద్యాల జిల్లా యొక్క చరిత్ర’ట! బడిపిల్లలకు ప్రత్యయాల పట్టిక కన్నా ముందు రాతి, ఇంటి, ఏటి రూపాలు చెప్పాలంటాను.