వాయిదా అంటే వాగ్దానం



2022 జూలైలో వచ్చిన గోదావరి వరద కోనసీమ వాసులకు ఇంకా జ్ఞాపకమే. ధవళేశ్వరం వద్ద ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులు చూసిన పెద్దలు సైతం ఏటిగట్ల మీద నిద్ర లేకుండా కాపలా కాశారు. లంక గ్రామాలు మునిగాయి, సార్వా నారుమళ్లు కుళ్లిపోయాయి.

నీరు తీసిన తరువాత ఒక జుమా నమాజు ముగియగానే, గట్టు చెంత ఎరువుల దుకాణం నడిపే సోదరుడొకరు మా వద్దకు వచ్చి కూర్చున్నారు. ఆయన చేతిలో తడిసి ఎండిన బిల్లుల కట్ట ఉంది. ఆయన రెండు ప్రశ్నలు అడిగారు. ఆదాయపు పన్ను రిటర్నుకు జూలై 31 గడువు. వరద వచ్చింది కనుక ప్రభుత్వం ఎలాగూ పొడిగిస్తుందని అందరూ అంటున్నారు, ఆగవచ్చునా? ఎరువులు అరువు తీసుకున్న లంక రైతులు చెప్పిన తేదీకి కట్టలేమంటున్నారు. ఆలస్యానికి నెలకు నూటికి రెండు రూపాయలు అదనంగా తీసుకోవచ్చునా?

మేము మదర్సాలో పాఠాలు చెప్పుకునేవారము, పన్నుల లెక్కలు మాకు తెలియవు. అందుచేత మొదటి ప్రశ్నను రాజమండ్రిలో మాకు పరిచయమున్న ఒక ఆడిటరు గారి ముందుంచాము. ఆయన చెప్పిన విషయాలు అందరికీ పనికివచ్చేవే.

గడువు దానంతటదే పొడగదు. ప్రభుత్వం ఉత్తర్వు ఇస్తేనే పొడుగుతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తరువాత శ్రీకాకుళం జిల్లా వ్యాపారులకు సెప్టెంబరు, అక్టోబరు నెలల జీఎస్టీఆర్-3బీ దాఖలుకు నవంబరు 30 వరకు గడువిచ్చారు. 2022 జూలై 31 గడువు మాత్రం పొడగలేదు. వదంతిని నమ్మి కూర్చున్నవారు ఆలస్య రుసుము కట్టుకున్నారు. ఆదాయం ఐదు లక్షలు దాటితే 5,000 రూపాయలు, దాటకపోతే 1,000 రూపాయలు. పన్ను బాకీ ఉంటే దానిపై నెలకు ఒక శాతం వడ్డీ వేరు.

రిటర్ను దాఖలుకు గడువు పొడిగినంత మాత్రాన పన్ను చెల్లింపుకు కూడా పొడిగినట్లు కాదు. కరోనా ఏట రిటర్నుల గడువు పెంచినప్పుడు, లక్ష రూపాయలకు మించి పన్ను కట్టవలసినవారికి వడ్డీ నుండి మినహాయింపు ఇవ్వలేదు. కాగితాలు సిద్ధం కాకపోయినా, అంచనా వేసి పన్ను ముందుగా కట్టివేస్తే వడ్డీ బాధ తప్పుతుంది. వడ్డీ అన్న మాట వింటేనే జంకవలసిన విశ్వాసికి ఈ జాగ్రత్త మరింత అవసరం.

వరదలో పోయిన సరుకు నష్టాన్ని ఆ ఆర్థిక సంవత్సరపు రిటర్నులో గడువులోగా చూపాలి. ఆలస్యమైతే వ్యాపార నష్టాన్ని రాబోయే ఏళ్ల లాభంలో తగ్గించుకునే హక్కు పోతుంది. నిజమైన కారణం చేత ఆలస్యమైనవారు దానిని మన్నించమని ఆదాయపు పన్ను అధికారులకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. 1961 చట్టంలో 119వ సెక్షను ఆ వీలు కల్పించింది. దరఖాస్తుకు ఆధారాలు కావాలి. కనుక మునిగిన దుకాణం ఫొటోలు, రెవెన్యూ అధికారుల నష్ట నివేదిక, బీమా కాగితాలు భద్రపరచాలి. నీటిపాలైన సరుకుపై తీసుకున్న జీఎస్టీ క్రెడిట్‌ను తిరిగి కట్టాలి. పది బస్తాలు తడిస్తే పది అనే వ్రాయాలి. వంద అని వ్రాస్తే అది అబద్ధపు సాక్ష్యమే.

ఇక ధర్మం మాట. వాయిదా, బాకీ, వసూలు, మాఫీ, జుల్మానా - ఈ మాటలన్నీ అరబ్బీ, పారసీకాల నుండి మన కచేరీలకు వచ్చి తెలుగైపోయినవే. వాయిదాకు మూలమైన ‘వఅదా’కు అర్థం వాగ్దానం. వాగ్దానాన్ని గురించి ప్రశ్నించబడుతుందని దివ్యఖుర్ఆన్ బనీ ఇస్రాయీల్ సూరా 34వ ఆయతు హెచ్చరిస్తుంది. స్తోమత ఉండి బాకీ తీర్చకుండా జాప్యం చేయడం జుల్మ్ అని దైవప్రవక్త (సఅసం) సెలవిచ్చినట్లు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. చుక్క నీరు రాని మెరకన ఉన్నవాడు లంకవాసి కన్నీటిని చూపి గడువు అడగడం ఈ కోవలోనిదే.

నిజంగా దెబ్బతిన్నవారి మాట వేరు. హిజ్రీ 18వ సంవత్సరంలో అరేబియాలో ఘోరమైన కరువు వచ్చింది. నేల బూడిదలా మారినందున దానిని ‘ఆముర్రమాదా’ అన్నారు. ఆ ఏడు హజ్రత్ ఉమర్ (రజి) జకాత్ వసూలును నిలిపివేశారు. వానలు పడిన తరువాత వసూలుదారులను పంపి రెండేళ్ల జకాత్ తీసుకొమ్మన్నారు. ఒక ఏటిది అక్కడి పేదలకే పంచి, రెండో ఏటిది మదీనాకు తెమ్మన్నారు. అబూ ఉబైద్ గారి ‘కితాబుల్ అమ్వాల్’లో ఈ కథనం ఉంది. ఇందులో బాకీ రద్దు కాలేదు, ఆలస్యానికి అదనమూ పడలేదు. తీసుకున్నదానిలో సగం దెబ్బతిన్న ఊళ్లకే తిరిగి చేరింది.

సోదరుని రెండవ ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే ఉంది. బాకీ మీద ఆలస్యానికి అదనంగా తీసుకునేది, దానికి జుల్మానా అని పేరు పెట్టినా, వడ్డీయే, అది హరామ్. సూరా బఖరాలో మూడు ఆయతులు వరుసగా ఉన్నాయి. 280వ ఆయతు ఇబ్బందిలో ఉన్న బాకీదారునికి కలిసివచ్చేవరకు వ్యవధి ఇవ్వమంటుంది, వదిలివేస్తే ఇంకా మేలంటుంది. 282వ ఆయతు బాకీని, దాని గడువును సాక్షుల ఎదుట వ్రాసుకొమ్మంటుంది. నడుమనున్న 281వ ఆయతు అల్లాహ్ వద్దకు మరలిపోయే దినాన్ని జ్ఞాపకం చేస్తుంది. దయ చూపమన్న గ్రంథమే లెక్క సరిగా వ్రాయమని కూడా చెప్పింది. రెంటికీ ఆ దినం భయమే ఆధారం.

మేము ఆ సోదరునితో ఇలా అన్నాము: “ప్రభుత్వం మీకు గడువు పెంచాలని కోరుతున్నారు. మీ ఖాతా పుస్తకంలో మీరే ప్రభుత్వం. అక్కడ గడువు పెంచడానికి ఏ ఉత్తర్వు కోసం ఎదురుచూస్తున్నారు?”

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. దొరికిన బిల్లులతోనే లెక్క సరిచేయించుకుని జూలై 30న రిటర్ను దాఖలు చేశారు. రైతులను పిలిచి, అసలు మాత్రమే, దాళ్వా కోతల తరువాత కట్టేలా కొత్త తేదీలు వ్రాసుకున్నారు. మరుసటి వేసవికి చాలామంది కట్టారు. కట్టలేని ఇద్దరి బాకీని సదఖాగా వదిలివేసినట్లు తరువాత మాకు తెలిసింది.

జకాత్ విషయంలోనూ ఒక మాట. ఏడాది నిండిన తరువాత, చెల్లించేలోపే వరదలో సరుకు పోతే, పోయిన భాగం మేరకు జకాత్ రద్దవుతుందని హనఫీ ఫిఖ్‌హ్ చెబుతుంది. చేజేతులా ఖర్చు చేసుకున్నదానికి మాత్రం రద్దు కాదు.

అప్పులిచ్చి, ఇబ్బందిలో ఉన్నవారిని చూసీచూడనట్లు వదిలివేయమని తన పనివారికి చెప్పిన ఒక వర్తకుణ్ణి అల్లాహ్ కూడా మన్నించాడని హదీసు. మనమందరమూ ఆ చివరి లెక్కకు గడువు మీరిన బాకీలతోనే నిలబడతాము. ఇతరులకు వ్యవధి ఇచ్చే హృదయాన్నీ, మాట నిలుపుకునే శక్తినీ అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! ఆమీన్.